వాపసు వచ్చిన సెలవు

జూన్ 4

గుండుసూదికి,

కొండెక్కి నెల దాటింది. ఇప్పటికి వచ్చింది ఒక్క ఉత్తరం, అందులోనూ సగం నల్ల సిరా. మీ కేంద్ర భద్రతా శాఖలో సరిహద్దు పోస్టుకి వెళ్లినవాళ్లు ఫోన్ ముట్టుకోకూడదు, ఉత్తరాలు ఆఫీసు సంచిలోనే రావాలి పోవాలి, సంచి కట్టేముందు ఒకాయన ప్రతి ఉత్తరమూ చదవాలి అని మీ అన్నయ్య చెప్తే సరేలే అనుకున్నాను. కానీ ఆ మహానుభావుడు నువ్వు అక్కడ ఏం తింటున్నావో కూడా కొట్టేశాడే! నీ కంచంలో దేశ రహస్యాలు ఏమున్నాయి తల్లీ? ఆయనకి కత్తెర బాబు అని పేరు పెట్టాను. కత్తెర బాబూ, చదువుతున్నారా? మా ఆడపడుచు తిండి సంగతి ఈసారికి వదిలేయండి, మీకు పుణ్యముంటుంది.

క్వార్టర్స్‌లో అంతా మామూలే. వచ్చే నెల మీ వాళ్లకి పరుగు పరీక్ష. వరసపెట్టి వచ్చి, యూనిఫాం ప్యాంటు నడుం దగ్గర బిగించమని నా కుట్టుమిషను ముందు నిలబడుతున్నారు. పొట్ట తగ్గితే బిగించాలి గానీ, బిగిస్తే పొట్ట తగ్గుతుందా? పరీక్ష గట్టెక్కిన మర్నాడు అవే ప్యాంట్లు పట్టుకుని, వదులు చేయమని మళ్లీ వస్తారు. పోనీలే, నాకు రెండుసార్లు పని.

అసలు వింత ఏమిటంటే, మీ అన్నయ్య ఈమధ్య సాయంత్రం అయ్యేసరికి ఇంట్లో ఉంటున్నారు. పెళ్లయిన దగ్గర్నుంచీ ఈ భాగ్యం ఎరగను. అన్నం ముందు కూర్చోగానే మోగే ఆ ఫోన్ మోగట్లేదు. అడిగితే "పని తగ్గిందిలే" అంటారు. దొంగలంతా ఒక్కసారి బుద్ధిమంతులైపోయారు కాబోలు.

నాకు కాస్త నీరసంగా ఉంటోంది. డాక్టరు ఏవో పరీక్షలు రాశాడు. నువ్వు దాని గురించి బుర్ర పాడుచేసుకోకు. తల తడిగా ఉండగా బయట తిరగకు, అక్కడ చెప్పేవాళ్లు ఎవరూ లేరు.

మీ వదిన


జూన్ 19

వదినా,

నీ ఉత్తరం చదివి మెస్‌లో ఒక్కదాన్నే పగలబడి నవ్వుతుంటే మా ఇన్‌చార్జి గారు "ఒంట్లో బాగుందా అమ్మా?" అని అడిగారు. ఆయనకీ ప్యాంటు సంగతి చదివి వినిపించాను. ఆయన లేచి నిలబడి తన నడుం చూసుకుని, మళ్లీ కూర్చున్నారు.

ఇక్కడ మాది రేకుల కప్పు గది. నాలుగు మంచాలు, ఒక స్టవ్వు, కిటికీ దగ్గర దుర్భిణి. చూడటమే మా ఉద్యోగం. దారి మీద లారీ వస్తే వచ్చిందని రాయాలి, రాకపోతే రాలేదని రాయాలి. రానివాటి గురించి రాయడానికే ఎక్కువ సిరా అవుతోంది. అయినా ఏడుపు మొహం పెట్టనులే. కొండ భత్యం జీతంలో కలుస్తోంది. ఏడాది పూర్తిచేస్తే తర్వాతి పోస్టింగు నేనే కోరుకోవచ్చు. ఏం కోరుకుంటానో నీకు చెప్పాలా? నీ మిషను ఉన్న ముందుగది ఖాళీ చేసి ఉంచు. ఈలోగా చలికాలంలో ఒకసారి సెలవు పెట్టి దిగుతాను. నా ఖాతాలో సెలవు బోలెడుంది, ఇన్నేళ్లూ నువ్వు తిడుతూనే ఉన్నా వాడలేదుగా.

ఒక సంగతి అడగనా? కోప్పడకు. కొత్తగా పైకి వచ్చిన డ్రైవరు చెప్పాడు, అన్నయ్య ఫీల్డు డ్యూటీ వదిలేసి ఫైళ్ల సెక్షన్‌లో కుర్చీ అడిగి మరీ వేయించుకున్నాడట. నేను నమ్మలేదు. ఇంకో ఇద్దరు కూడా అదే అన్నారు. ఏ వేళ పిలిచినా వస్తానని సంతకం పెట్టినందుకు మాకు జీతంలో నాలుగో వంతు అదనంగా ఇస్తారు కదా, కుర్చీలో కూర్చుంటే అది పోతుంది. అదీ పోనీ. ఫీల్డులో ఇరవై ఏళ్లు నిండితేనే పూర్తి పెన్షను. అన్నయ్యకి మిగిలింది ఒక్క ఏడాది. నోటి దాకా తెచ్చిన ముద్ద నేలపాలు చేసినట్టుంది. గోదాము సోదాలో పక్కవాడికి తూటా తగిలాక అన్నయ్యకి భయం పట్టుకుందని ఇక్కడ నవ్వుకుంటున్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. నువ్వయినా కాస్త గడ్డి పెట్టు.

పరీక్షల్లో ఏమొచ్చిందో రాయి. మర్చిపోయానని అనకు.

నీ గుండుసూది


జూలై 3

గుండుసూదికి,

నీ ఉత్తరం రాకపోయి ఉంటే నాకీ సంగతి తెలిసేదే కాదు. మీ అన్నయ్య కుర్చీలో కూర్చున్నారని నాకెవరు చెప్తారు? నీ ఉత్తరం చేతికిచ్చి "ఏమిటిది?" అని నిలదీశాను. చదివి, మడతపెట్టి, కళ్లజోడు తుడుచుకున్నారు. తుడిచిన కళ్లజోడే మళ్లీ తుడిచారు. నేను వదల్లేదు.

నా సంగతి ఈయనకి ఏప్రిల్‌లోనే తెలుసట. నీరసం అని నేను అనుకోకముందే, మీ శాఖ ఇంటివాళ్లకి ఏటా చేయించే వైద్య పరీక్షకి వెళ్లిన రోజున, నా ఒంట్లో ఏదో తేడా ఉందని పక్క గదిలో డాక్టరు ఈయన్ని కూర్చోబెట్టి చెప్పాడట. వారానికోసారి నన్ను ఆస్పత్రికి తీసుకెళ్లాలి, ఫీల్డులో ఉంటే ఎప్పుడు ఎక్కడ ఉంటారో తెలీదు. అందుకని మర్నాడే వెళ్లి కుర్చీ అడిగారు. ఇన్నేళ్ల కష్టం అలా రాసిచ్చేసి ఇంటికొచ్చి, నాకు "పని తగ్గిందిలే" అని చెప్పారు. నేనేమో దొంగల మీద జోకులేసుకుంటూ కూర్చున్నాను.

కాబట్టి అక్కడ నవ్వుకునేవాళ్లకి చెప్పు, మీ అన్నయ్యకి భయం పట్టుకున్న మాట నిజమే, అది తూటాల భయం కాదు. నువ్వు కూడా వాళ్లతో కలిసి తల కొట్టేసుకోనక్కర్లేదు. నాకు కోపం వచ్చింది, దాచుకోను.

ఇక నా సంగతి. కడుపులో చిన్న గడ్డ ఉందట. కోసి తీసేస్తారు. అంతే. దర్జీదాన్ని, కోతలూ కుట్లూ నాకు కొత్తా? ఈ మాట వినగానే మూట సర్దుకుని దిగిపోతావని తెలుసు, నీకు కాళ్లు ఒకచోట నిలవవు. నువ్వు రావద్దు. ఏడాది పూర్తిచేసి, కోరుకున్న పోస్టింగు చేతిలో పట్టుకుని రా. చలికాలంలో దిగడం కూడా వద్దు, ఆ దారులు చూస్తే నాకు భయం.

మీ వదిన


జూలై 20

వదినా,

ముందు అన్నయ్య కాళ్లు పట్టుకున్నానని చెప్పు. ఆ డ్రైవరుకి నీ ఉత్తరం చూపించాను. చదివి బయటికి వెళ్లిపోయాడు.

ఇప్పుడు నా కోపం విను. మెస్ గోడ మీద నోటీసు అతికించారు. మా శాఖలో ఎవరికైనా ఇంట్లో జబ్బు చేసి సెలవు మొత్తం అయిపోతే, మిగతావాళ్లు తమ సెలవులోంచి కొన్ని రోజులు తీసి ఇవ్వచ్చు. అన్ని ఆఫీసుల్లోనూ నోటీసు పెడతారు. పేరుండదు. ఉద్యోగి నంబరు, ఆఫీసు, కింద కారణం. అన్నం ప్లేటు పట్టుకుని ఊరికే చదువుతున్నాను. అన్నయ్య నంబరు! కారణం దగ్గర "భార్యకు తీవ్ర అనారోగ్యం" అని ఉంది. చిన్న గడ్డ అని రాసిన మనిషివి, తీవ్ర అనారోగ్యం అని గోడ మీద చదువుకోవలసిన ఖర్మ నాకేమిటి? ఇంటి సంగతి ఇంటిమనిషికి నోటీసు బోర్డు చెప్పాలా?

ఇన్‌చార్జి గారు నా మొహం చూసి, "నోటీసులో తీవ్రం అని రాయకపోతే ఆఫీసు ఒప్పుకోదమ్మా, అందరికీ అదే మాట వేస్తారు" అన్నారు. సరే, ఆయన మాట నమ్ముతాను. నీ మాట కూడా నమ్ముతాను. నాకు నువ్వెప్పుడూ అబద్ధం చెప్పలేదు కదా.

ఇన్‌చార్జి గారు రెండు రోజులు ఇచ్చారు. ఆ డ్రైవరు మూడు ఇచ్చాడు, నా వైపు చూడకుండా సంతకం పెట్టాడు. నేనేం చేశానో తెలుసా? మొత్తం ఇచ్చేశాను. నా ఖాతాలో ఇప్పుడు సున్నా. నువ్వే రావద్దన్నావు, చలికాలంలో కూడా వద్దన్నావు. మరి నాకెందుకు ఆ సెలవు, ఊరగాయ పెట్టుకోనా? అన్నయ్య నీ పక్కన కూర్చుని ఆ రోజులు తింటాడు. నువ్వు లేచి తిరగడం మొదలుపెట్టాక ఏమైనా మిగిలితే, ఎవరివి వాళ్లకి వెనక్కి వేసేస్తారట. కాబట్టి తొందరగా లే.

ఆపరేషను ఎలా అయిందో వచ్చే సంచిలో రాకపోతే ఊరుకోను.

నీ గుండుసూది


ఆగస్టు 9

గుండుసూదీ,

అక్షరాలు వంకరగా ఉన్నాయని నవ్వకు. మంచం మీద దిండుకి ఆనుకుని రాస్తున్నాను.

ఎవరిమ్మన్నారే నిన్ను? మొత్తం ఇచ్చేయమని ఎవరు చెప్పారు? మీ అన్నయ్య ఆ కాగితం చూపించి "చూశావా, మన పిల్ల" అని కళ్లనీళ్లు పెట్టుకున్నారు. నాకు మాత్రం నెత్తిన పిడుగు పడ్డట్టయింది.

నీకు నిజం చెప్తాను. ఆపరేషనుకి తీసుకెళ్లారు. కోసి చూసి, ఏమీ తీయకుండా మళ్లీ కుట్టేశారు. కుట్టు మాత్రం శుభ్రంగా వేశాడు, పనివాడే. జూలైలో నీకు రాసేనాటికే నాకు తెలుసు. నీకు నేనెప్పుడూ అబద్ధం చెప్పలేదన్నావే, ఆ ముక్క చదివి ఉత్తరం కింద పెట్టేశాను. చెప్పానమ్మా. నీ ఏడాది పాడవకూడదని చెప్పాను.

మీ అన్నయ్య రోజంతా ఇంట్లోనే ఉంటున్నారు. ఎవరెవరో ఇచ్చిన రోజులు. ఇల్లు ఊడవడం వచ్చింది, గంజి కాయడం రాలేదు. నిన్న నా మిషను ముందు కూర్చుని, ఒప్పుకున్న ప్యాంట్లు నాలుగూ నేను చెప్తుంటే కుట్టారు. ఒకదానికి కాలు వెనకవైపు ముందుకి తిప్పి కుట్టేశారు. ఇద్దరం నవ్వి నవ్వి, నాకు నొప్పి వస్తే ఆయన హడలిపోయారు. పెళ్లయిన ఇన్నేళ్లకి ఆయన పగలు ఎలా ఉంటారో చూస్తున్నాను. మధ్యాహ్నం ఆయనకి తుమ్ములు వస్తాయని నాకు తెలీనే తెలీదు. దీనికి నీకూ, పేరు తెలియని వాళ్లందరికీ చేతులెత్తి దండం పెడుతున్నాను. ఆ మాట నిజం.

కానీ పిల్లా, రావద్దని నేను రాస్తే రాకుండా ఉంటావా? నేను కాపురానికి వచ్చిన రోజున నా దగ్గరికి రమ్మంటే నా చెయ్యి కొరికి మంచం కింద దూరావు. అమ్మ పోయి నెల కాలేదు నీకు, ఆరేళ్లదానివి. బువ్వ తిను అంటే తినేదానివి కాదు, పడుకో అంటే పడుకునేదానివి కాదు. ఉద్యోగంలో చేరవద్దని నెత్తీ నోరూ కొట్టుకున్నాను, చేరావు. కొండకి వద్దన్నాను, ఎక్కావు. పుట్టి బుద్ధెరిగాక నా మాట ఒక్కటి విన్నావా? ఈ ఒక్కటే వినాలా?

నాకు నిన్ను చూడాలనుంది. వచ్చే దారి ఏదైనా ఉందేమో మీ ఇన్‌చార్జి గారిని అడుగు, జీతం లేకుండా వదలమను, నేను చెప్పానని చెప్పు. తొందరగా రా.

కత్తెర బాబూ, ఈ ముక్క కొట్టేయకండి.

మీ వదిన


సెప్టెంబరు 2

వదినా వదినా వదినా!

నీకు ముందు కబురు చెప్పాలా, ముందు తిట్టాలా? తిట్టేస్తాను. ఆపరేషను గురించి ఒక్క ముక్క రాయలేదే! అంటే, రాసే ఉంటావులే. కొండచరియ విరిగిపడి దారి మూసుకుపోయింది. నెల దాటింది, కింది నుంచి సంచి రాలేదు. ఇక్కడ అందరం ఇంటి ఉత్తరాల కోసం మొహాలు వేలాడేసుకుని తిరుగుతున్నాం. మనవాళ్లిద్దరు రేపు నడుచుకుంటూ దిగుతున్నారు, ఈ ఉత్తరం వాళ్ల చేతికి ఇస్తున్నాను.

ఇప్పుడు కబురు. దారి మూసుకుపోయినా మా ఆఫీసు కంప్యూటరులో జీతం వివరాలు వస్తాయి కదా. పొద్దున తెరిచి చూస్తే, నా సెలవు ఖాతాలో సున్నా లేదు! సగానికి పైగా వెనక్కి వచ్చేసింది! "దానం చేసిన సెలవులో మిగిలినది వాపసు" అని పక్కన రాసుంది. నేను కుర్చీలోంచి లేచి అరిచాను. డ్రైవరు ఏమైందో అని బూటు ఒక కాలికే వేసుకుని పరిగెత్తుకొచ్చాడు. వాడిదీ ఒక రోజు వెనక్కొచ్చింది. వాపసు వచ్చిందంటే ఏమిటి? నువ్వు లేచి తిరుగుతున్నావన్నమాట! అన్నయ్య మళ్లీ డ్యూటీకి వెళ్తున్నాడన్నమాట! ఎంత తొందరగా కోలుకున్నావే తల్లీ, డాక్టరు నోరు మూతపడి ఉంటుంది.

ఇన్‌చార్జి గారు మాత్రం విచిత్రంగా ఉన్నారు. కంప్యూటరు వంక చాలాసేపు చూసి, "ఇంటి నుంచి ఉత్తరం ఏమైనా అందిందా అమ్మా?" అని అడిగారు. దారి లేందే ఎలా అందుతుంది సార్ అన్నాను. నాకు టీ కలిపి ఇచ్చారు, ఆయన ఎవరికీ టీ కలపరు. నా అరుపులకి ఆయనకీ సంతోషం వేసిందేమో.

నువ్వు రావద్దన్నా వినను. ఈ సెలవు చేతిలో పెట్టుకుని నేను ఇక్కడ లారీలు లెక్కపెడుతూ కూర్చోలేను. దారి తెరవగానే సెలవు కాగితం ఇచ్చి దిగిపోతాను. నువ్వు నీరసంగా ఉంటావు కాబట్టి వంట నాది, నోరెత్తకుండా తినాలి. నీ పక్కనే పడుకుంటాను, అన్నయ్యని ముందుగదిలోకి తోలేయి. నాలుగు నెలల కబుర్లున్నాయి, ఉత్తరాల్లో రాస్తే కత్తెర బాబు బతకనిచ్చేలా లేడు.

పైనుంచి ఏమైనా తేవాలా? ఇక్కడ ఉన్ని దుప్పట్లు బాగుంటాయి. ఏ రంగు కావాలో రాయి.

నీ గుండుసూది


సెప్టెంబరు 14

చెల్లీ,

నీ ఉత్తరం నిన్న వచ్చింది. మీ వదిన పేరు మీద ఉంది. ఉత్తరాలు చూసే ఆయన సంచిలో వేయకుండా తనే ఇంటికి తెచ్చి ఇచ్చాడు. కూర్చోమన్నాను, కూర్చోలేదు. "ఈమధ్య ఆవిడ ఉత్తరాల్లో నేనేమీ కొట్టేయలేదు సార్" అని చెప్పి వెళ్లిపోయాడు.

నాకు రాయడం రాదు, నీకు తెలుసు. మీ వదిన పోయింది. ఆగస్టు ఇరవై ఒకటో తేదీన, మధ్యాహ్నం. నేను పక్కనే ఉన్నాను. మంచినీళ్లు అడిగింది. తెచ్చి, తల పైకెత్తి పట్టాను. తాగలేదు.

ఇచ్చిన సెలవు వెనక్కి రావడానికి రెండే కారణాలు ఉంటాయమ్మా. మనిషి లేచి తిరగడం ఒకటి. నీకు అదే తట్టింది. రెండోది తట్టలేదు. నీ తప్పేం లేదు, నీ స్థానంలో ఉంటే నేనూ అలాగే అరిచేవాణ్ని. నీ ఉత్తరం చదువుతూ, నువ్వు గంతులేసిన ఆ కాసేపూ నిజంగానే అది బతికి ఉన్నట్టనిపించింది. దుప్పటి రంగు దగ్గరికి వచ్చేసరికి చదవలేకపోయాను.

ఆ రోజే నీకు కబురు పంపుదామని కంట్రోల్ రూముకి వెళ్లాను. పోస్టుకి వైర్‌లెస్‌లో ఇంటి కబురు పంపాలంటే వాళ్ల దగ్గర ఒక పట్టిక ఉంది. తల్లి, తండ్రి, భర్త, పిల్లలు, తోడబుట్టినవాళ్లు. వదిన లేదు. వదిన చావు కబురు వైర్‌లెస్‌లో వెళ్లదన్నారు. బల్ల గుద్దాను, అరిచాను. పంతొమ్మిదేళ్ల సర్వీసులో మొదటిసారి ఆఫీసులో అరిచాను. అవతల కూర్చున్నవాడు తల దించుకుని, రూలు సార్ అన్నాడు. ఉత్తరం రాసి సంచిలో వేశాను. దారి మూసుకుపోయిందని అప్పటికి నాకు తెలీదు. నేను రాసినదీ, అంతకు ముందు మీ వదిన రాసినదీ కింద చెక్‌పోస్టులోనే పడున్నాయట. ఇది మాత్రం నడిచి పైకి వచ్చే మనిషి చేతికి ఇస్తున్నాను. మీ వదిన ఉత్తరం నీకు తర్వాత అందుతుంది. అందులో ఏం రాసిందో నాకు తెలీదు, చూపించలేదు. రాశాక మాత్రం రోజూ గుమ్మం వైపు తల తిప్పి పడుకునేది. గాలి కోసం అనుకున్నాను.

ఒక మాట చెప్పకపోతే నాకు ఊపిరాడదు. నీ రోజులు తీసుకుని దాని పక్కన నేను కూర్చున్నాను. అందులో కొన్ని నువ్వు కూర్చోవలసినవి. ఇంత తొందరగా పోతుందని నాకు ముందే తెలిసి ఉంటే, నీ కాగితం వెనక్కి పంపి నిన్నే రమ్మనేవాణ్ని. ఇప్పుడు రోజులు మిగిలాయని అందరికీ పంచి ఇచ్చేశారు. మిగిలాయట. ఆ మాట చదివితే ఒళ్లు మండిపోయింది.

నువ్వు రా. దారి తెరవకపోయినా, నడిచే వాళ్లతో కలిసి రా. ఇంట్లో నాకేమీ తోచడం లేదు, ఏ గదిలోకి వెళ్లినా ఎందుకు వచ్చానో తెలియడం లేదు. సెలవు కాగితంలో కారణం అడుగుతారు. వదిన అని రాస్తే పట్టికలో లేదని వరసలో పెట్టి, వచ్చే నెల చూద్దామంటారు. తల్లి అని రాస్తే ఆ పూటే వదులుతారు. తల్లి అని రాయి. మన అమ్మ పోయినట్టు నీ సర్వీసు పుస్తకంలో ఎప్పుడో రాసుంది, ఎవరో ఒకరు అది పట్టుకుని నిన్ను నిలదీస్తారు. అప్పుడు నువ్వేం మాట్లాడకు. నా నంబరు ఇచ్చి నన్ను అడగమను. అబద్ధం కాదని నేను సంతకం పెట్టి చెప్తాను.

అన్నయ్య